తొలిసారి జనం ముందుకు: దుడుకు థరోబ్రెడ్, ఇద్దరు గురువులు

థరోబ్రెడ్ గుర్రాన్ని మొదటిసారి ప్రదర్శనకు తీసుకెళ్ళేవాళ్ళందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. లాయం దగ్గర చెప్పినట్టు నడిచిన గుర్రం జనాన్నీ, జెండాలనీ, మైకు మోతనీ, ఎదురొచ్చే కొత్త గుర్రాలనీ చూసేసరికి మారిపోతుంది. చెవులు నిక్కబొడుస్తుంది. మెడ బిగుస్తుంది. కాలు నేల మీద నిలవదు. జీను కింద చెమట పడుతుంది. నిన్నటిదాకా తెలిసిన పాఠమంతా మరిచిపోయినట్టు కనిపిస్తుంది. ఆ వేడిని రౌతు ఏం చేయాలి? చేతిలోకి తీసుకుని అణచాలా, ముందుకు దారి చూపి పోనివ్వాలా?

ఈ ప్రశ్న మీద 1840లలో పారిస్ గుర్రపు లోకం రెండుగా చీలిపోయింది. ఒక వైపు సర్కస్ బరిలో గుర్రాలను చూపించి పేరు తెచ్చుకున్న ఫ్రాన్స్వా బోషే. రెండో వైపు వెర్సాయ్ రాచ లాయంలో పెరిగిన కౌంట్ దోర్. ఇద్దరూ పుస్తకాలు రాశారు, ఇద్దరికీ శిష్యులున్నారు, ఇద్దరినీ సైన్యం తలా ఒకసారి నెత్తిన పెట్టుకుంది. వాళ్ళ వాదాన్ని గుర్రపు స్వారీ చరిత్రకారులు రెండు శైలుల తగాదాగా చెబుతారు. నాకు మాత్రం అది దుడుకు గుర్రాన్ని నలుగురి ముందుకు ఎలా తీసుకురావాలన్న వాదంగానే కనిపిస్తుంది. అలా చదివితే ఆ ఇద్దరూ ఈనాటికీ పనికొస్తారు.

పోల్చేముందు కొలబద్ద చెప్పాలి. తొలి ప్రదర్శన బాగా జరిగిందా లేదా అన్నది ఆ రోజు వచ్చిన రిబ్బను చెప్పదు, చప్పట్లు చెప్పవు. ఆ గుర్రాన్ని రెండోసారి తీసుకెళ్ళిన రోజున తెలుస్తుంది. మొదటిసారి భయంతో లొంగిన గుర్రం రెండోసారి ఆ భయాన్ని ముందే మోసుకొస్తుంది. మొదటిసారి నెమ్మదించిన గుర్రం రెండోసారి ఆ నెమ్మదిని వెంట తెచ్చుకుంటుంది. బోషేనూ దోర్‌నూ ఈ కొలబద్దతోనే కొలుస్తాను. దీనికి ఇంకో షరతు కలపాలి. గురువు చేతిలో పలికిన విద్య మామూలు రౌతు చేతిలో కూడా పలకాలి.

వాదానికి కారణమైన గుర్రం

ఈ తగాదాకు మూలం మనుషుల కంటే గుర్రం. పాత రాచ లాయాల్లో స్పెయిన్ గుర్రాలు, ఫ్రాన్స్‌లోనే పుట్టిన లిముజాన్ జాతి గుర్రాలు ఉండేవి. పొట్టి నడుము, ఎత్తుగా నిలిచే మెడ, వెనక కాళ్ళ మీద బరువు తీసుకునే ఒడ్డూపొడుగూ వాటివి. కుదురుగా, దర్జాగా అడుగువేయడం వాటికి పుట్టుకతోనే అబ్బింది. ఇంగ్లండ్‌లో తయారైన థరోబ్రెడ్ వేరే సృష్టి. బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు మగ గుర్రాల దాకా దాని తండ్రుల వరస పోతుంది. 1791లో అచ్చులోకి వచ్చిన జనరల్ స్టడ్ బుక్ దాని వంశావళి. తరతరాలుగా దాన్ని ఒకే ఒక గుణం కోసం ఏరి పెంచారు: వేగం. పొడుగు ఒళ్ళు, ముందుకు చాచే మెడ, పలుచని చర్మం, చిన్న చప్పుడుకే మేలుకొనే నరాలు ఆ ఎంపికతో వచ్చినవే.

1833లో ఫ్రాన్స్ సొంతంగా స్టడ్ బుక్ మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే పారిస్‌లో జాకీ క్లబ్ పుట్టింది, లార్డ్ హెన్రీ సీమోర్ దాని తొలి అధ్యక్షుడు. కొత్త గుర్రం ఒక్కసారిగా ఊరిలోకి వచ్చింది. 1830 విప్లవంతో వెర్సాయ్ స్వారీశాల మూతపడి పాత విద్యకు చోటు లేకుండా పోయింది. ఉన్న విద్య ఈ గుర్రానికి సరిపోదు. ఈ గుర్రానికి సరిపోయే విద్య ఇంకా పుట్టలేదు. బోషే, దోర్ ఆ ఖాళీలోకి వచ్చిన వాళ్ళే. గుర్రం ఒకటే కాబట్టి వాళ్ళను పక్కపక్కన నిలబెట్టి చూడడం న్యాయం.

బోషే: చేతిలోకి తీసుకునే దారి

1796లో వెర్సాయ్‌లో పుట్టిన బోషేకు వంశం అండ లేదు, రాచకొలువు లేదు. ఆయన ప్రతిభ జనానికి కనిపించింది సర్కస్ బరిలో. పార్టిజాన్ అనే ఇంగ్లిష్ థరోబ్రెడ్ ఎవరికీ లొంగదని పేరు పడి తక్కువ ధరకు వస్తే ఆయన కొన్నాడు. ఆ గుర్రాన్నే 1830ల చివర్లో జనం ముందుకు తెచ్చాడు. తల నిలకడగా, నోట్లో కళ్ళెం మెత్తగా ఆడిస్తూ, ఉన్నచోటనే తాళం వేసినట్టు అడుగులేసే పార్టిజాన్‌ను చూసి పారిస్ తెల్లబోయింది. కొన్నేళ్ళ పాటు ఆ గుర్రం బరిలోకి వస్తూనే ఉంది.

1842లో అచ్చయిన ఆయన పద్ధతి గ్రంథంలో దీని వెనకున్న ఆలోచన ఉంది. గుర్రం ఎదురు తిరిగినప్పుడు ఆ ఎదురు మొదట దవడలోనూ మెడలోనూ బిగువుగా కనిపిస్తుంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాలి. రౌతు నేల మీద నిలబడి, కళ్ళెం పట్టుకుని, గుర్రం దవడ వదులు చేసేదాకా ఓపికగా అడుగుతాడు. తర్వాత మెడను ఒక పక్కకు, ఇంకో పక్కకు వంచమంటాడు. అదే పనిని జీనెక్కి నిలబడి ఉన్నప్పుడు చేయిస్తాడు, ఆపైన నడకలో. చివరికి కాళ్ళ ఒత్తిడినీ చేతి పట్టునూ ఒకేసారి వాడి గుర్రంలోని శక్తినంతా నడుమ కింద కూడదీస్తాడు. గుర్రం తన సొంత బలంతో చేసేది పోయి, రౌతు అందించిన బలంతో చేసేది మిగలాలని అప్పటి బోషే సిద్ధాంతం.

దుడుకు గుర్రానికి ఇందులో నిజమైన మేలు ఉంది. భయపడిన థరోబ్రెడ్ బిగుసుకున్న దవడతో కళ్ళేన్ని పట్టుకుని పారిపోతుంది. దవడ వదలడం అలవాటైన గుర్రానికి ఆ పట్టు అందదు. పైగా పాఠం నిలబడి ఉన్నప్పుడే మొదలవుతుంది. రౌతు జీనులో లేకపోవడంతో గుర్రం ఉలిక్కిపడినా ప్రమాదం తక్కువ. రేసుకోర్సులో గుర్రం నేర్చినదానికి ఇది సరిగ్గా విరుగుడు. పందెంలో జాకీ పగ్గాలు బిగించి పట్టుకుంటే గుర్రం ఆ పట్టు మీద ఆనుకుని ఇంకా ఉరుకుతుంది. ఆపడానికి లాగితే ఉరకమన్నట్టు దానికి అర్థమవుతుంది. రేసు నుంచి వచ్చిన గుర్రాన్ని ప్రదర్శనలో లాగిలాగి ఓడిపోయిన ప్రతి రౌతుకూ బోషే చెప్పేది సూటిగా తగులుతుంది: బలానికి బలం ఎదురు పెట్టకు, బిగువునే కరిగించు.

ఆయనకు అసలైన పరీక్ష జెరికో రూపంలో వచ్చింది. లార్డ్ సీమోర్ సొత్తయిన ఈ థరోబ్రెడ్ ఎక్కినవాళ్ళనందరినీ పడేసేదని పేరు. బోషే శిష్యుడు లాంకోమ్ బ్రెవ్ దాని మీద బోయ్ ద బులోన్ తోటను చుట్టివచ్చి పందెం గెలిచాడు. చుట్టూ వేరే గుర్రాలు కమ్ముకుని ఉండబట్టే అది సాధ్యమైందని ఎదుటి పక్షం వాదించింది. తర్వాత బోషే దాన్ని తీసుకుని నెల లోపే షాంజెలీజే సర్కస్‌లో రాత్రి ప్రదర్శనలో చూపించాడు. దీపాలు, వాద్యాలు, వలయంగా కూర్చున్న జనం. వాళ్ళలో ఆయన ఓటమి చూద్దామని వచ్చినవాళ్ళూ ఉన్నారు. జెరికో ప్రదర్శన పూర్తి చేసింది.

దుడుకు థరోబ్రెడ్‌ను తొలిసారి జనంలోకి తెచ్చిన ఘట్టాల్లో ఇంతకంటే పేరుమోసినది నాకు తెలీదు. దాన్ని విమర్శకుడిగా రెండు కళ్ళతో చూడాలి. ఒక కంటికి అది అద్భుతం. నెల కూడా కాని సమయంలో ఒక భీతజంతువు చేతిని నమ్మడం నేర్చింది. రెండో కంటికి ఆ తొందరే అనుమానం కలిగిస్తుంది. ఆ నెలను నిర్ణయించింది గుర్రం కాదు, ఎదుటి పక్షం సవాలు. లోకం ముందు తన పద్ధతి నిలవాలన్న పట్టుదల గుర్రానికి గడువు పెట్టింది. గురువు చేయి గొప్పది కాబట్టి గుర్రం గట్టెక్కింది. అలాంటి చేయి లేని మనిషి అదే గడువు పెట్టుకుంటే ఏమయ్యేదో ఊహించవచ్చు.

దోర్: ముందుకు పంపే దారి

దోర్ 1799లో పుట్టాడు. వెర్సాయ్ లాయంలో వికౌంట్ దబ్జాక్ దగ్గర పాత విద్య నేర్చాడు. అయినా ఆ విద్యను కాపాడే పూజారిగా మిగలలేదు. కొత్త గుర్రం వచ్చింది, కాలం మారింది, స్వారీ బయటి నేల మీదికి రావాలని గుర్తించిన మనిషి. వేట, సవారీ, సైన్యం, పందెం ఇవే ఇక గుర్రాల బతుకు అని ఆయన నమ్మకం. 1834లో తన స్వారీ గ్రంథం వెలువరించాడు. 1842లో బోషే పద్ధతి మీద తన ఆక్షేపణలు అచ్చువేశాడు. 1847లో సొమ్యూర్ అశ్విక పాఠశాలకు ప్రధానాచార్యుడై అక్కడే తన విద్యను నాటాడు.

ఆయన చూపులో గుర్రం వేడి తప్పు కాదు, సరుకు. దాన్ని ముందుకు పోనివ్వాలి. గుర్రం మెడ చాచి కళ్ళెం మీద నమ్మకంగా ఆనాలి, రౌతు ఆ ఆసరాను తీసేయకుండా దారి చూపాలి. దవడ వంచే పాఠాలతో నిలబెట్టి ఉంచితే థరోబ్రెడ్‌కు పుట్టుకతో వచ్చిన పొడవాటి అడుగు కురచైపోతుందని ఆయన భయం. ముందుకు పోవాలన్న కోరిక చచ్చిన గుర్రానికి ఇక చెప్పేదేమీ ఉండదు.

ఆయన కూడా గుర్రాలను జనానికి చూపించినవాడే, కాకపోతే బరి వేరు. వ్యాపారి తెచ్చిన ముక్కూమొహం తెలియని గుర్రాన్ని ఎక్కి, కొద్ది నిమిషాల్లో దానిలోని అందమంతా బయటికి తీయగలిగేవాడని ఆయనను దగ్గర నుంచి చూసినవాళ్ళు చెప్పారు. ముందస్తు పాఠం లేదు, గడువు లేదు. గుర్రం ఆ క్షణంలో ఏమివ్వగలదో అదే అడిగేవాడు, అంతకు మించి కోరేవాడు కాదు.

దుడుకు గుర్రానికి ఈ దారిలో ఉన్న మేలు బోషే దారిలో లేనిది. భయపడ్డ గుర్రానికి కాళ్ళు కదలాలి. ప్రమాదం చూస్తే పారిపోయి బతికే జంతువు అది. కదలనివ్వకుండా పట్టి ఉంచితే భయం లోపలే పెరిగి పైకి లేస్తుంది, గుర్రం ముందరి కాళ్ళెత్తి నిలబడుతుంది, లేదా వెనక్కి జరుగుతుంది. ప్రదర్శన మైదానంలో జరిగే ప్రమాదాల్లో ముందుకు పోనివ్వని గుర్రం చేసేవే భయంకరమైనవి. తనకు తెలిసిన పని, అంటే ముందుకు నడవడం, చేయనిస్తే కొత్త చోట కూడా గుర్రానికి పాత తోడు దొరికినట్టవుతుంది. పెద్ద వలయాల్లో, స్థిరమైన తాళంలో, మెడ చాచుకుని తిరిగే పది నిమిషాలు ఎన్నో మాటలు చెప్పలేని ధైర్యం చెబుతాయి.

ఈ దారికీ లోటు ఉంది. ముందుకు పోవడం, పరుగెత్తిపోవడం ఒకటి కావు. రేసు నుంచి వచ్చిన గుర్రానికి ముందు దారి చూపిస్తే అది దౌడు తీయమన్నట్టే తీసుకోవచ్చు. పక్కన ఇంకో గుర్రం క్యాంటర్‌లో దాటిపోతే చాలు, పందెం మొదలైందనుకుంటుంది. ఈ సన్నటి గీతను దోర్ తన సహజ జ్ఞానంతో దాటకుండా ఉండేవాడు. ఆ జ్ఞానాన్ని పుస్తకంలో పెట్టలేకపోయాడు. ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు పట్టాలి అన్న చోట ఆయన రాత మామూలు రౌతుకు చాలినంత చెప్పదు.

బరి మనిషిని మలిచింది

ఇద్దరినీ పక్కపక్కన చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఇద్దరి పద్ధతులూ వాళ్ళు గుర్రాలను చూపించిన స్థలాల్లోంచి పుట్టాయి. సర్కస్ బరి వ్యాసం సుమారు 13 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్లు దాటి పరుగెత్తగల గుర్రాన్ని 13 మీటర్ల చుట్టులో, కాళ్ళ దగ్గరే కూర్చున్న జనం మధ్య చూపించాలంటే ఆ శక్తిని కూడదీసి చేతిలో ఉంచుకోక తప్పదు. బోషే గుర్రాన్ని బయటి నేల మీద నడిపించడని ఆనాటి విమర్శ. ఆయన విద్యకు బయటి నేల అవసరమే రాలేదు. దోర్ బరి వేరు: ఆరుబయలు, బాట, వేట సాగే అడవి. అక్కడ గుర్రాన్ని కూడదీసి నిలబెట్టడానికి కారణం లేదు, దారి పొడవునా ముందుకు పోతేనే గెలుపు.

అందుకే ఒకరి కొలతతో ఇంకొకరిని కొట్టేయడం అన్యాయం. ఆనాటి పక్షాలు ఆ అన్యాయమే చేశాయి. దోర్ అభిమానులు బోషేను సర్కస్‌వాడని చులకన చేశారు. బోషే అభిమానులు దోర్‌ది విద్యే కాదన్నారు. రాజకీయం కూడా కలిసింది. యువరాజు ఓర్లియాన్ డ్యూక్ బోషేను ఆదరించి అశ్విక దళంలో ఆయన పద్ధతికి దారి తెరిచాడు. 1842 జులైలో బండి గుర్రాలు అదుపు తప్పిన ప్రమాదంలో ఆ యువరాజు చనిపోయాడు. తమ్ముడు నెమూర్ డ్యూక్ మొగ్గు దోర్ వైపు. కొన్నేళ్ళకే సైన్యం బోషే పద్ధతిని పక్కన పెట్టింది.

ఆ నిర్ణయంలో రాజకీయం ఉన్నా, వెనక నిజమైన కారణం కూడా ఉంది. బోషే చేతిలో తేలికపడ్డ దవడ దళంలోని మామూలు సైనికుడి చేతిలో వెనక్కి ముడుచుకుంది. గుర్రాలు కళ్ళేన్ని తాకకుండా తప్పుకుని, కాళ్ళు చెప్పినా ముందుకు రాని స్థితికి చేరుతున్నాయన్నది ఫిర్యాదు. జర్మన్ గురువు లూయీ సేగర్ 1852లో బోషే మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆయన ప్రధాన ఆక్షేపణ కూడా ముందుకు పోయే తపన లోపించిందనే. పార్టిజాన్ ఏళ్ళ తరబడి బరిలోకి రావడం చూస్తే బోషే నా మొదటి కొలతలో నెగ్గాడని ఒప్పుకోవాలి. రెండో కొలతలో, అంటే ఇతరుల చేతిలో, తొలినాటి బోషే నిలవలేదు. దోర్ రెండో కొలతలో కొంత నయం. ముందుకు పోనివ్వమన్న సలహా తప్పుగా పాటించినా గుర్రాన్ని లోపల విరిచేయదు.

రెండో బోషే

కథ ఇక్కడితో ఆగితే దోర్‌కే ఓటు వేసి ఊరుకునేవాణ్ణి. కానీ బోషే తన పద్ధతిని తానే తిరగరాశాడు. 1855లో సర్కస్‌లో పెద్ద దీపాల గుత్తి ఊడి ఆయన మీద పడింది, కాళ్ళు నలిగిపోయాయి. ఆ తర్వాత జనం ముందుకు గుర్రం మీద రాలేదు. బలంతో గుర్రాన్ని కూడదీసే శక్తి పోయిన మనిషి, బలం అక్కర్లేని దారి వెతికాడు. 1860లలో వెలువడిన కొత్త కూర్పులో పాత సూత్రం తలకిందులైంది. చేయి పనిచేసేటప్పుడు కాళ్ళు ఊరుకోవాలి, కాళ్ళు పనిచేసేటప్పుడు చేయి ఊరుకోవాలి. గుర్రం బిగుసుకుంటే బలవంతంగా దాటించకూడదు. ఆపి, అది మళ్ళీ సమతూకంలోకి వచ్చి వదులయ్యేదాకా ఆగి, అప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలి. కరకు కళ్ళెం మీద కీర్తి కట్టుకున్నవాడు చివరికి సాదా కళ్ళెం గొప్పతనాన్ని శిష్యులకు చెప్పాడు.

ప్రదర్శన మైదానంలో బెదిరిన థరోబ్రెడ్‌తో సతమతమయ్యే మనిషికి మొదటి బోషే కంటే ఈ రెండో బోషే ఎంతో దగ్గర. కంగారులో మనం చేసే తప్పు ఒకటే: పగ్గం లాగుతాం, అదే క్షణంలో భయంతో కాళ్ళు బిగిస్తాం. ఒక అవయవం ఆగమంటుంది, ఇంకోటి పొమ్మంటుంది. థరోబ్రెడ్ ఆ రెండు మాటల మధ్య ఇరుక్కుని పేలిపోతుంది. చేయి, కాలు ఒకేసారి మాట్లాడొద్దన్న సూత్రం ఆ పేలుడు మూలాన్నే తీసేస్తుంది. ఆగి, కుదుటపడనిచ్చి, మళ్ళీ అడగడం అన్నది పండిత విద్య కూడా కాదు. ఓపిక ఉన్న ఎవరైనా చేయగలరు. తన విద్యను మామూలు మనుషులకు అందేలా చేసింది రెండో బోషేయే. దోర్‌కు ఆయన అక్కడే సమవుజ్జీ అయ్యాడు.

ఇక్కడ ఇంకో పాత గొంతు గుర్తు చేయాలి. క్రీస్తుకు ముందు నాలుగో శతాబ్దంలో గ్రీకు సేనాని జెనొఫోన్ గుర్రపు స్వారీ మీద రాసిన గ్రంథంలో దుడుకు గుర్రాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. ఎక్కగానే తొందరపెట్టొద్దని, ఏది అడిగినా నిదానంగా, మెల్లగా మొదలుపెట్టి అడగాలని, వేరే గుర్రాలతో పోటీపడి పరుగెత్తనివ్వొద్దని అందులో సారాంశం. రెండో బోషే, దోర్ ఇద్దరూ తెలిసో తెలియకో ఆ పెద్దాయన నీడలోనే నిలబడ్డారు.

ఇద్దరి శిష్యుడు

ఇద్దరి దగ్గరా నేర్చుకున్న మనిషి ఒకడున్నాడు. అలెక్సిస్ లోట్ 1849లో లియోన్‌లో బోషే దగ్గర పాఠాలు మొదలుపెట్టాడు. సొమ్యూర్‌లో దోర్ కింద చదివాడు. 1864లో అదే సొమ్యూర్‌కు ప్రధానాచార్యుడయ్యాడు, తర్వాత జనరల్ అయ్యాడు. ఆయన చనిపోయాక అచ్చయిన పుస్తకాల్లో ఇద్దరు గురువుల్నీ ప్రేమతో, నిష్పాక్షికంగా చిత్రించాడు. తన స్వారీ విద్యనంతా మూడు మాటల్లో వరసగా చెప్పాడు: నెమ్మది, ముందుకు, తిన్నగా.

ఆ మూడింటిలోనూ వరసే నాకు ముఖ్యం. ముందుకు అన్నది దోర్ మాట. తిన్నగా నిలిపే మెత్తని చేయి బోషే నేర్పినది. రెండింటికీ ముందు నెమ్మది వచ్చింది. ఇద్దరు గురువుల తగాదాలో మొదటి స్థానం ఇద్దరిలో ఎవరికీ ఇవ్వకుండా, గుర్రం మనసుకు ఇచ్చాడు లోట్. బోషే పద్ధతిలో నెమ్మది పాఠం చివర్లో వచ్చే ఫలం. దోర్ పద్ధతిలో అది ముందుకు నడవడంలో దానంతటదే వచ్చేది. లోట్ దాన్ని గడప దగ్గర నిలబెట్టాడు, అది దాటకపోతే లోపలికి రానివ్వలేదు. దుడుకు థరోబ్రెడ్‌ను తొలిసారి చూపించబోయే మనిషికి ఇంతకు మించిన తీర్పు అక్కర్లేదు.

నేటి మైదానంలో

ఇవాళ ఈ ప్రశ్న సర్కస్‌లో కంటే రేసు ముగించిన గుర్రాల దగ్గర ఎక్కువగా వినిపిస్తోంది. బ్రిటన్‌లో రేసుగుర్రాల పునర్జీవితం కోసం 2000లో రీట్రైనింగ్ ఆఫ్ రేస్‌హార్సెస్ సంస్థ ఏర్పడింది. అమెరికాలో రిటైర్డ్ రేస్‌హార్స్ ప్రాజెక్ట్, కెంటకీ హార్స్ పార్కులో థరోబ్రెడ్ మేకోవర్ పేరుతో, రేసు వదిలి ఎంతో కాలం కాని గుర్రాలకు పోటీ నిర్వహిస్తోంది. మన మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తేవీ ఈ జాతి గుర్రాలే. పరుగు ముగిశాక వాటిలో కొన్ని స్వారీ క్లబ్బులకు చేరతాయి. ఈ గుర్రాలకు బండెక్కడం, జనం, మైకు కొత్త కాదు. వాటికి ఆ మూడూ కలిస్తే ఒకే అర్థం: ఇవాళ పందెం ఉంది. కాబట్టి తొలి ప్రదర్శనలో అలాంటి గుర్రం దుడుకు అవిధేయత కాదు. నేర్చుకున్న పాఠాన్ని అది నిజాయితీగా అప్పజెబుతోంది. దాన్ని శిక్షించడం అన్యాయం. కొత్త అర్థం నేర్పాలి.

నేటి మైదానంలో ఇద్దరు గురువులకూ చోటుంది. డ్రెస్సేజ్ బరి 20 మీటర్ల వెడల్పు, 40 లేదా 60 మీటర్ల పొడవు. దాని పక్కనే వార్మప్ స్థలం. వార్మప్‌లో రాజ్యం దోర్‌ది. అక్కడ నిలబెట్టి మెడ వంచే పాఠాలు పెట్టుకోకూడదు. గుర్రానికి స్థలం ఇచ్చి, ఎదురొచ్చే గుర్రాల మందకు ఎడంగా, స్థిరమైన తాళంలో ముందుకు తిప్పాలి. పగ్గం బిగించి ఆపే బదులు వలయం చిన్నది చేసి వేగం తగ్గించాలి. తన్నే అలవాటుంటే తోకకు ఎర్ర రిబ్బను కట్టి తోటివాళ్ళను హెచ్చరించడం మర్యాద. వీలైతే నెమ్మదైన పాత గుర్రాన్ని తోడు తీసుకెళ్ళాలి.

బరి గుమ్మం దాటాక రెండో బోషే పనికొస్తాడు. గుర్రం ఉలిక్కిపడితే చేయీ కాలూ కలిపి బిగించకు. ఒకటి ఊరుకోనీ, ఇంకోటి మెత్తగా అడగనీ. మొదటిసారికి నడక, ట్రాట్ మాత్రమే ఉండే ప్రవేశస్థాయి పరీక్ష ఎంచుకోవాలి. ఇంటి దగ్గర క్యాంటర్‌లో మలుపులు మార్చే గుర్రానికి కూడా అదే మేలు. ఇంట్లో తెలిసినదాంట్లో సగమే జనంలో గుర్తుంటుంది, ఆ సగాన్నే అడగాలి. మధ్యలో గుర్రానికి మరీ కష్టమైతే న్యాయనిర్ణేతకు నమస్కరించి బయటికి రావచ్చు. అందులో తలవంపు లేదు.

వీటన్నిటికీ ముందు లోట్ గడప. జెరికోకు ఇవ్వని స్వేచ్ఛ మన గుర్రానికి ఇవ్వాలి: గడువు లేకపోవడం. మొదటి ప్రయాణంలో పోటీకి పేరే ఇవ్వకుండా గుర్రాన్ని తీసుకెళ్ళి, చేత్తో నడిపించి, గడ్డి మేయించి, చుట్టూ చూడనిచ్చి ఇంటికి తేవడం ఉత్తమం. పేరు ఇచ్చిన రోజున కూడా వార్మప్‌లో నెమ్మది రాకపోతే బరిలోకి వెళ్ళకుండా వెనుదిరగడం ఓటమి కాదు, ఆ రోజు పాఠం అదే. కట్టిన రుసుము పోతే పోతుంది, గుర్రం నమ్మకం మాత్రం మిగులుతుంది.

ఇద్దరిలో ఎవరిది పైచేయి అని అడిగితే నా జవాబు ఇది. తొలి ప్రదర్శనకు మొదటి బోషే దారి వద్దు. అది గొప్ప కళే, కానీ గొప్ప చేతులకే చెల్లింది. చేయి తడబడిన ప్రతిసారీ ఖరీదు గుర్రమే చెల్లించింది. దోర్ దారి మొదట, దుడుకు గుర్రానికి కదిలే హక్కు ఇవ్వడానికి. రెండో బోషే దారి తర్వాత, ఆ కదలికతో పోట్లాడకుండా మాట్లాడడానికి. రెండింటికీ పైన లోట్ వరస, ఎవరి పేరూ ప్రతిష్ఠా గుర్రం నెమ్మది కంటే ముందు నిలవకుండా ఉండడానికి. ఈ వరస తప్పితే రిబ్బను గెలిచినా రెండో ప్రదర్శనకు బెదిరిన గుర్రమే వస్తుంది. వరస నిలబెడితే ఏ బహుమతీ రాకపోయినా, రెండోసారి బండి తలుపు తెరిచినప్పుడు గుర్రం తనంతట తానే ఎక్కుతుంది. తొలి ప్రదర్శనకు రావలసిన ఫలితం అదే.